ఐదో రీలు

పాఠకులు పోయినవారం గౌరీశంకర్‌ను విడిచి వెళ్ళినప్పుడు ఆయన చేతిలో తుప్పు పట్టిన ఒక డబ్బా మూత ఉన్నది. మార్చి మొదటి శనివారం, ఉదయం పదకొండు గంటలకు, అమెరికాలో డెట్రాయిట్ దగ్గరి నోవైలోని ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో నలుగురు ఒక బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. 'పదమూడో ముద్ర' అనే జపాను రాజకీయ చిత్రానికి లోకంలో మిగిలిన ఏకైక ప్రతి, ఐదు డబ్బాలలో, నలభై రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నది. నాలుగు డబ్బాలు క్షేమంగా తెరుచుకున్నాయి. మొరాయించినది ఐదోది ఒక్కటే. చివరకు అదీ ఊడివచ్చింది.

గౌరీశంకర్ ఒక మోటారు కంపెనీలో ముప్పయ్యారు సంవత్సరాలు ఇంజన్ల లోహాలను పరీక్షించి రిటైరైన ఇంజనీరు. డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో, సొంత బేస్‌మెంట్‌లోకి దిగడానికి సైతం ఇస్త్రీ చొక్కా వేసుకునే మనిషి. పక్కన ఆయన భార్య శారద. బల్లకు అవతల కృతి. కుటుంబ మిత్రుల కుమార్తె, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, యాన్ ఆర్బర్‌లోని ఒక ఫిల్మ్ ఆర్కైవ్‌లో పాత రీళ్ళను బాగుచేసే ఉద్యోగం ఆమెది. నాలుగో మనిషి వాల్టర్ ప్రూయిట్. క్లీవ్‌లాండ్ నుంచి మంచులో మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చిన రిటైర్డు స్కూలు మాస్టారు. జపాను రాజకీయ చిత్రాలను సేకరించడం అతని వ్యసనం. "మా ఇంటికి కలెక్టరు వస్తున్నాడే" అని శారద క్రితం రోజు ఫోనులో చెల్లెలితో అంటే, "ఏ జిల్లా?" అని అటునుంచి ప్రశ్న వచ్చింది. ఆ హాస్యం గౌరీశంకర్‌కు రుచించలేదు.

అందమైన చిత్రాలను సేకరించేవారు ఎందరో ఉన్నారు. వాల్టర్ వంటివారి ఆకలి వేరు. 'పదమూడో ముద్ర' 1961లో విడుదలై, పద్నాలుగు రోజులకే థియేటర్ల నుంచి మాయమైంది. తీసిన సంస్థ మూతపడింది, నెగెటివ్ గల్లంతైంది. కథ చాలా సులభం. సముద్రతీరంలో ఒక చిన్న పట్టణం, అక్కడి రేవు భూమిని ఒక కర్మాగారానికి అప్పగించే ఒప్పందం. ఆ దేశంలో సంతకానికి బదులు ఎవరి ముద్ర వారు వేస్తారు. ఒప్పందానికి పదమూడు ముద్రలు కావాలి. పన్నెండు మంది కౌన్సిలర్లు వేశారు. పదమూడోది పురపాలక కార్యాలయంలోని ముసలి రిజిస్ట్రారుది. అతడు వేశాడా, లేదా?

ఆనాటి సమీక్షలలో మిగిలినవి రెండే. ఒసాకా పత్రిక, వేశాడని తిట్టింది. ఫుకువోకా పత్రిక, వేయలేదని మెచ్చుకున్నది. దొరికిన స్క్రిప్టులో ఆఖరి పదకొండు పేజీలు లేవు. వాల్టర్ దగ్గర ఆ చిత్రపు పోస్టరు ఉన్నది, విడుదల రోజున హాలులో పంచిన కాగితపు విసనకర్ర ఉన్నది, రిజిస్ట్రారు ముద్రను కాగితానికి అంగుళం ఎత్తున పట్టుకుని ఉన్న ఫొటో ఒకటి ఉన్నది. ముప్పయి ఏళ్ళుగా వాల్టర్ వెతుకుతున్నది ఆ అంగుళం కోసమే.

ఆ అంగుళం సంగతి తేల్చి చెప్పినవాడు గౌరీశంకర్. ఆరేళ్ళ క్రితం ఆయన సేకర్తల త్రైమాసిక పత్రికకు ఒక ఉత్తరం రాశాడు. "అయ్యా, రిజిస్ట్రారు ముద్ర వేయలేదు. నేను స్వయంగా చూశాను." రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాలతో ఆయన ఎందరికో తెలిసిన మనిషి అయినాడు. మూడు వారాలలో యాన్ ఆర్బర్‌లో జరగబోయే ప్రదర్శనకు అచ్చయిన బ్రోషరులో, ఈ చిత్రాన్ని చివరిదాకా చూసినవారిలో జీవించి ఉన్న ఏకైక వ్యక్తి అని ఆయన ఫొటో కింద ఉన్నది. ఆ మాటకు ఇవాళ ఐదో రీలు సాక్ష్యం చెప్పాలి.

కృతి తెల్లని చేతి తొడుగులతో రీలును పైకి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"వెనిగర్ స్మెల్ లేదు, ఫిల్మ్ పాడవ్వలేదు. గుడ్. బట్ ఇది రివైండ్ చెయ్యలేదు అంకుల్. టెయిల్ బయటికి ఉంది. సో మనకి ముందు ఎండింగే కనిపిస్తుంది."

ఆ మాటను ఆమె ఇంగ్లీషులో మళ్ళీ చెప్పగానే వాల్టర్ కుర్చీని ముందుకు లాక్కున్నాడు. "నేను ముప్పయి ఏళ్ళు ఆగాను. మొదటి నుంచి చూడాలన్న పట్టుదల నాకేమీ లేదు," అన్నాడు.

చేత్తో తిప్పే చిన్న వ్యూయరును కృతి ఆర్కైవ్ నుంచి తెచ్చింది. దాని తెర అరచేయి కంటే కొంచెం పెద్దది. ఆమె పిడి తిప్పింది. కాసేపు నలుపు, కాసేపు గీతలు. తరువాత తలకిందులుగా తెల్లని అక్షరాలు కనిపించాయి. ఆమె రీలును తిరగేసి పెట్టి, మళ్ళీ తిప్పింది.

"ఎండ్ టైటిల్. జాపనీస్ లెటర్స్ చూడండి, ఎంత క్యూట్‌గా ఉన్నాయో."

వాల్టర్ తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టాడు.

"ఇది జపాను లిపి కాదు," అన్నాడు. "ఆ లిపిలో ఇంత గుండ్రదనం ఉండదు."

శారద కాఫీ ట్రేను వాషింగ్ మెషీన్ మీద పెట్టి, మెడలో వేలాడుతున్న కళ్ళజోడు పెట్టుకుని వంగింది.

"శుభం," అని చదివింది.

"వాట్, ఆంటీ?"

"శుభం అని రాసుందే. తెలుగు. నువ్వు మా దగ్గర సండే స్కూల్లో మూడేళ్ళు కూర్చున్నావు కదా, రెండక్షరాలు పోల్చుకోలేకపోయావా?"

"అప్పుడు నాకు ఎయిట్ ఇయర్స్, ఆంటీ. నేను 'ఋ' దాకా వచ్చి సాకర్‌కి వెళ్ళిపోయాను."

కృతి పిడిని ఇంకా తిప్పింది. సినిమా వెనక్కి నడిచింది. పూలదండలు మెడలోంచి ఎగిరి పళ్ళెంలోకి వెళ్ళాయి. కిరీటం పెట్టుకున్న యువరాజు ఒకడు సింహాసనం దిగి వెనక్కి నడిచాడు. నేల మీద పడి ఉన్న మాంత్రికుడు లేచి నిలబడి, గుండెలో దిగిన కత్తిని యువరాజుకు మర్యాదగా తిరిగి ఇచ్చాడు.

శారద నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "ఇది మనం స్కూలు ఆడిటోరియంలో వేసిన జానపదం కాదుటండీ? ఆఖరిసారి వేసింది. ఇంటర్వెల్లో సమోసాలు చాల్లేదని ఆ దివాకర్ గారు ఎంత గొడవ చేశారో."

గౌరీశంకర్ తెర వైపు చూడటం లేదు. డబ్బా మూత మీద తెల్లని రంగుతో గీసిన సున్నా, దాని మధ్య ఐదు అంకె ఉన్నాయి. ఆ సున్నా ఆయన గీసినదే. ఆ అంకె వంపు ఆయనదే.

ఈ చోట పాఠకులకు ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. వీడియో క్యాసెట్లు రాకముందు, డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు నెలకు ఒక ఆదివారం ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని సినిమా వేసుకునేవి. సాయంత్రం ఆరు కొట్టేసరికి హాలు ఖాళీ చేసి తాళం అప్పగించాలి. అందువల్ల ముందరి రీళ్ళను అక్కడే రివైండ్ చేసినా, ఆఖరి రీలుకు వ్యవధి ఉండేది కాదు. దానిని ఉన్నది ఉన్నట్టుగా గౌరీశంకర్ ఇంటికి తెచ్చి, బేస్‌మెంట్‌లో తీరికగా వెనక్కి చుట్టేవారు. డబ్బాల మీద అంకె తప్ప సినిమా పేరు రాయరాదన్నది సంఘం నిబంధన. ఈసారి ఏ సినిమా వస్తున్నదో ముందుగా తెలిస్తే జనం ఎంచి ఎంచి వస్తారని, సంఘం నిలవాలంటే అన్నింటికీ రావాలని, ఆ నిబంధనను రాసినవాడు గౌరీశంకర్.

1983 మార్చిలో ఒక ఆదివారం, ఆ జానపదపు ఆఖరి రీలు అలాగే ఈ బల్ల మీదికి వచ్చింది. అదే సాయంత్రం ఓనుకి అనే జపాను మిత్రుడు వచ్చాడు. ఆయన ఒక జపాను కంపెనీ తరఫున నోవైలో నాలుగేళ్ళు పనిచేసి, మంగళవారం స్వదేశానికి వెళ్ళిపోతున్న ఇంజనీరు. 'పదమూడో ముద్ర'కు ఛాయాగ్రహణం చేసినవాడు ఓనుకి అన్నగారు. అన్న పోయిన తరువాత ఈ ప్రతి తమ్ముడికి చేరింది. ఆ రాత్రి ఇక్కడే దానిని ప్రొజెక్టరులో వేశారు; వెళ్తూ ఓనుకి ఆ ప్రతిని గౌరీశంకర్‌కే వదిలిపెట్టాడు. అట్టపెట్టెలలో తెచ్చిన ఆ రీళ్ళకు, సంఘానికి చెందిన ఖాళీ డబ్బాలను ఐదింటిని గౌరీశంకరే ఇచ్చాడు. అవీ అంకెలు వేసినవే.

"సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్ళే ముందు రీళ్ళను నేనే డబ్బాలలో సర్దాను," అన్నాడు గౌరీశంకర్ ఇంగ్లీషులో, మెల్లగా. "బల్ల మీద ఆఖరి రీళ్ళు రెండు. ఐదు అంకె ఉన్న డబ్బాలు రెండు. పొరపాటు నాది."

మూలన గాలిలో తేమ లాగే యంత్రం గురగురమంటున్నది. వాల్టర్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. కోపగించుకునే మనిషి కాడు. తన సంచిలోంచి చిన్న రికార్డరు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ఎర్రని దీపం వెలిగింది.

"అయితే ఇక ఐదో రీలు మీరే," అన్నాడు. "మనం ఇద్దరం కుర్రవాళ్ళం కాము. మీరు చూసినది చూసినట్టు ఇవాళే రికార్డు చేస్తాను. మీ ఉత్తరంలో రెండు వాక్యాలే ఉన్నాయి. నాకు మిగతాదంతా కావాలి. ముద్ర రిజిస్ట్రారు ఏ చేతిలో ఉంది?"

"కుడి చేతిలో," అన్నాడు గౌరీశంకర్.

"కిటికీ తెరిచి ఉందా? స్క్రిప్టులో ఆ గదికి సముద్రం వైపు కిటికీ ఉంది."

గౌరీశంకర్ గొంతు సవరించుకున్నాడు.

"కాఫీ చల్లారిపోతోందండీ," అన్నది శారద. అది ఆయన తప్పుకోవడానికి ఆమె తెరిచి పెట్టిన తలుపు. ఆయన దానిలోంచి వెళ్ళలేదు, లేవనైనా లేవలేదు. రికార్డరు మీది ఎర్రదీపాన్ని చూస్తూ కూర్చున్నాడు.

"ముద్ర వేయనని ఆయన నోటితో చెప్పాడా, లేక ముద్రను తిరిగి పెట్టెలో పెట్టాడా?" వాల్టర్ గొంతులో పరీక్షించే ధోరణి లేదు. ఆకలిగొన్న మనిషి వంటింటి వాసనలను గురించి అడిగినట్టు అడుగుతున్నాడు. "తొందర లేదు. గుర్తు చేసుకోండి."

అప్పుడు శారద, తెలుగులో, కప్పులు సర్దుతూ, ఎవరి వైపూ చూడకుండా అన్నది:

"ఆ రోజు బల్బు పోయింది కదండీ."

వాల్టర్‌కు తెలుగు రాదు. ఆయన ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూశాడు. కృతికి చదవడం రాకపోయినా వినడం వచ్చు. ఆమె చేయి పిడి మీద ఆగిపోయింది. చిన్న తెర మీద మాంత్రికుడు కత్తి ఎత్తి నిలిచిపోయాడు.

గౌరీశంకర్ తన ఉద్యోగకాలంలో కింది ఇంజనీర్ల పరీక్షా నివేదికలను వందలకొద్దీ వెనక్కి పంపినవాడు. ఊహించిన దానిని 'గమనించితిమి' అని రాస్తే ఆయన ఆ పదం కింద ఎర్రగీత గీసి, పక్కన 'ఎవరు, ఎప్పుడు?' అని రాసేవాడు. ఆ ఎర్రగీతకు భయపడి ఒక కుర్రవాడు ఉద్యోగమే మారిపోయినాడని కంపెనీలో చెప్పుకునేవారు. వాల్టర్ రికార్డరును ఆపబోతున్నట్టు చేయి చాచాడు.

"ఆపనవసరం లేదు," అన్నాడు గౌరీశంకర్. "కుడి చేయి అన్న మాట కొట్టివేయండి. నేను చూడలేదు."

"ఏ చేయో చూడలేదా?"

"ఏమీ చూడలేదు. ఐదో రీలు మొదలైన అర నిమిషానికి ప్రొజెక్టరులో బల్బు మాడిపోయింది. నా దగ్గర ఇంకొకటి లేదు. కాని యంత్రం ఆగలేదు. బొమ్మకు వెలుగు ఇచ్చే దీపం ఒకటి, శబ్దాన్ని చదివే దీపం మరొకటి. శబ్దం వస్తూనే ఉంది. నేను లేచి ఆపబోయాను. ఓనుకి నా మోచేతి మీద చేయి వేసి కూర్చోబెట్టాడు. ఆ రీలంతా చీకటిలో విన్నాం. మాటలు నాకు అర్థం కావు. చివర చాలాసేపు నిశ్శబ్దం. తరువాత ఒక చప్పుడు."

"ఎటువంటి చప్పుడు?"

"కర్ర ముద్ర కాగితం మీద పడినట్టు. లేదా కర్ర ముద్రను కర్ర పెట్టెలో పెట్టినట్టు. నిజాయితీగా రెండింటికీ తేడా చెప్పలేను."

"నేనూ విన్నాను," అన్నది శారద, ఈసారి ఇంగ్లీషులో. "టీ ట్రేతో ఆ మెట్ల మీద ఉన్నాను. చీకటిగా ఉందని దిగలేదు. ఒక్కటే చప్పుడు. చిన్నది."

"దీపాలు వేసిన తరువాత నేను ఓనుకిని అడిగాను, ముద్ర వేశాడా అని. ఆయన సూటిగా చెప్పలేదు. 'మీరైతే ఏం చేస్తారు?' అన్నాడు. నేను వేయనన్నాను. లేచి నిలబడి నడుము దాకా వంగి నమస్కరించాడు. మంగళవారం వెళ్ళిపోయాడు. తొంభై ఆరులో పోయాడని విన్నాను." గౌరీశంకర్ కాఫీ కప్పును సాసరు మధ్యకు జరిపాడు. "ఇన్నేళ్ళలో, నేనైతే వేయను అన్న మాట, ఆయన వేయలేదు అన్న మాటగా ఎప్పుడు మారిందో నాకు తెలియదు. ఉత్తరం రాసేటప్పటికి అది నా కళ్ళతో చూసినట్టే ఉంది. కృతీ, ఆ బ్రోషరులోంచి నా పేరు తీసేయమ్మా."

"అంకుల్, ఇట్స్ ఓకే, వర్డింగ్ నేను ఫిక్స్ చేస్తాను."

"వర్డింగ్ కాదమ్మా. పేరు."

వాల్టర్ రికార్డరును తానే ఆపాడు. లేచి, హీటరు లేని ఆ చలిగదిలో రెండడుగులు వేసి, వాషింగ్ మెషీన్ దగ్గర ఆగాడు. ఇక వాల్టర్ కోటు తీసుకుని వెళ్ళిపోతాడనే గౌరీశంకర్ అనుకున్నాడు.

"ముప్పయి ఏళ్ళుగా నేను సేకరించినవన్నీ నోరులేని వస్తువులు," అన్నాడు వాల్టర్. "పోస్టరు, విసనకర్ర, ఫొటో. చివర ఒక చప్పుడు ఉంటుందని నాతో ఎవరూ చెప్పలేదు. ఒసాకా వాడూ చెప్పలేదు, ఫుకువోకా వాడూ చెప్పలేదు." వెనక్కి వచ్చి కూర్చున్నాడు. "ఆ రెండో డబ్బా ఎక్కడికి వెళ్ళింది?"

ఆ ప్రశ్నకు జవాబు శారద దగ్గర ఉన్నది. సంఘం సినిమాలు భద్రపరిచే బాధ్యత సభ్యుడు నరసింహది; జానపదపు డబ్బాలన్నీ ఆయన దగ్గరకే వెళ్ళాయి. ఆ జానపదం తరువాత ఇంటింటికీ వీడియో క్యాసెట్లు వచ్చాయి, ఎవరూ ఏ రీలూ అడగలేదు. నరసింహ వృద్ధాప్యంలో కూతురు లక్ష్మీప్రియ దగ్గరకు, అర్కాన్సాలోని బెంటన్‌విల్‌కు వెళ్ళాడు. ఆయన పోయి రెండేళ్ళు. శారద వీడియో కాల్ చేసేసరికి లక్ష్మీప్రియ కారులోంచి కూరల సంచులు దించుతున్నది.

"నాన్న బాక్సులా ఆంటీ? గరాజ్‌లోనే ఉన్నాయి. వచ్చే సాటర్డే డంప్‌కి పంపుదామని ట్రక్ కూడా బుక్ చేశాను. ఎందుకు, మళ్ళీ స్కూల్లో సినిమా వేస్తున్నారా ఏంటి?"

"వేసేది నీకే ముందు చూపిస్తాం కానీ, అందులో ఐదు అంకె ఉన్న డబ్బా చూడవే తల్లీ."

పది నిమిషాల తరువాత డబ్బా తెరుచుకున్నది. లక్ష్మీప్రియ తల పక్కకు తిప్పుకున్నది. "అబ్బ, ఆవకాయ జాడీలో వెనిగర్ పోసినట్టుంది."

కృతి ఫోను అందుకుంది. "అక్కా, లాగొద్దు. ప్లీజ్. పైన లూజ్‌గా ఉన్నంతవరకే మెల్లగా విప్పండి. అది డీకే అవుతోంది. ఎక్కడైనా అంటుకుంటే అక్కడే ఆపెయ్యండి."

ఆ రీలును కూడా నాడు ఎవరూ వెనక్కి చుట్టలేదు. కథ ముగింపు పైపొరలోనే ఉన్నది. లక్ష్మీప్రియ తండ్రి ఫిల్ము అతికించేటప్పుడు వాడిన భూతద్దం ఆ పెట్టెలోనే దొరికింది. గరాజు తలుపు పైకెత్తి, అర్కాన్సా ఎండకు ఫిల్మును అడ్డం పట్టుకున్నది.

"ఒక లెటర్ ఉంది, ఒకటే. చైనీస్ లాగా. తర్వాత నలుపు. తర్వాత... సముద్రం. సముద్రమే. ఇప్పుడు ఒక కాగితం. ఫ్రేమంతా కాగితమే. మనుషులు లేరు. కింద గుండ్రంగా మచ్చలు వరసగా ఉన్నాయి. దీని తర్వాత అంటుకుపోయింది, ఇక రావట్లేదు."

"ఆపెయ్యండి అక్కా. అక్కడే."

వాల్టర్‌కు గౌరీశంకర్ ఆ మాటలను ఇంగ్లీషులో చెప్పాడు. "ఆ మచ్చలు లెక్కపెట్టు అమ్మా."

"ఆగండి. ఒకటి, రెండు, మూడు..." ఆమె పెదవులు కదులుతున్నాయి. "పన్నెండు. పై వరసలో ఆరు, కింద ఆరు." ఫోను వైపు తిరిగింది. "అంకుల్, మీరీ సినిమా చూశారట కదా. కృతి ఫేస్‌బుక్‌లో పెట్టింది. పన్నెండు తర్వాత ఇక్కడ ఏం ఉండాలి?"

"నేను చూడలేదమ్మా," అన్నాడు గౌరీశంకర్. రెండోసారి ఆ మాట అంత బరువుగా లేదు. "నువ్వు చూసి చెప్పు."

ఆమె భూతద్దాన్ని కన్నుకు ఇంకా దగ్గరగా జరిపింది. ఎండ ఫిల్ము గుండా ఆమె బుగ్గ మీద బూడిదరంగు చతురస్రాలుగా పడింది.

"ఉంది," అన్నది. "కానీ ఒకటి కాదంకుల్. కింద పక్కపక్కన రెండు ఉన్నాయి. మొత్తం పద్నాలుగు."

గౌరీశంకర్ తల తిప్పి భార్య వైపు చూశాడు. శారద అప్పటికే ఆయన వైపు చూస్తున్నది. పన్నెండు తరువాత ముద్రలు రెండు; ఆ చీకటిలో ఆయన కుర్చీలోంచి, ఆమె మెట్ల మీద నుంచి, ఇద్దరూ విన్నది ఒక్క చప్పుడే.